గొంతు ఖర్చు

డిసెంబరు మొదటి వారం. గుంటూరు నుంచి నెల్లూరు వెళ్తున్న క్వయర్ బస్సు. చర్చి హాస్టలు పైకప్పు కురుస్తోంది. దాన్ని కొత్తగా వేయించడానికి ఊరూరా పాడి కానుకలు పోగుచేసే ప్రయాణం ఇది. ముందు సీట్లో ఇద్దరు రోజంతా వాదించుకున్నారు. వెనక సీట్లో కూర్చుని నేను రాసుకున్నాను. పెద్దావిడ హైస్కూల్లో సోషలు చెప్పి రిటైరయ్యారు, క్వయర్లో ఆల్టో పాడతారు. అబ్బాయి ఆవిడ అక్క కొడుకు, బ్యాంకు ఉద్యోగి, క్వయర్ లీడరు. ఈసారి కార్యక్రమంలో అమెరికా నల్లవాళ్ల ఆరాధన పాటలు రెండు పెట్టాడు. వాటి పక్కన, వాళ్ల అమ్మమ్మ నాట్లలో పాడిన పాట ఒకటి నాలుగు గొంతులకు కూర్చి పెట్టాలని పట్టుబడుతున్నాడు. ఆ పాట మొదట్నించీ చివరిదాకా వచ్చిన మనిషి ఇప్పుడు పిన్ని ఒక్కరే. ఆవిడ ఇవ్వనంటున్నారు.

పిన్ని: ముందు ఆ వెనకాల సొప్రానో పిల్లల్ని కాసేపు మాట్లాడకుండా కూర్చోమని చెప్పు. ఇంజను మోతని మించి అరుస్తున్నారు. ఒంగోలు దాటేసరికి సగం గొంతు ఇక్కడే పోతుంది.

అబ్బాయి: పిల్లలు పిన్నీ. బస్సెక్కాక మాట్లాడకుండా ఉంటారా?

పిన్ని: మోతలో కూర్చుంటే ఎవరికైనా తెలీకుండానే గొంతు పెరుగుతుంది. అరుస్తున్నామన్న సంగతి అరిచేవాళ్లకే తెలీదు. సాయంత్రం పై స్వరం అందుకోబోయినప్పుడు తెలుస్తుంది. మనం శృతి చూసుకునే ‘ఎ’ స్వరం పాడేటప్పుడు గొంతులో ఆ రెండు సన్నటి పొరలు సెకనుకి 440 సార్లు కొట్టుకుంటాయి. పై స్థాయి ‘ఎ’కి వెళ్తే 880 సార్లు. నాలుగింటికి లేపి బస్సెక్కించిన పిల్ల గొంతు అది. నిద్ర లేకపోతే ఎంత ప్రాక్టీసు చేసినా నిలబడదు.

అబ్బాయి: ఫ్లాస్కుల్లో వేడినీళ్లు పెట్టించాను.

పిన్ని: నువ్వు తాగిన నీళ్లు ఆ పొరల మీదుగా పోవు నాన్నా. అన్నం పోయే దారిన పోతాయి. ఒంటికి పట్టి అక్కడి దాకా చేరడానికి గంటలు పడుతుంది. స్టేజి ఎక్కే ముందు గ్లాసుడు తాగితే నోరు తడుస్తుందంతే. నిన్నట్నించే తాగిస్తూ ఉండాల్సింది.

అబ్బాయి: సరే, తాగిస్తాను. కానీ నువ్వు అసలు సంగతి దాటేస్తున్నావు. అమ్మమ్మ పాట.

పిన్ని: దాటెయ్యట్లేదు, అదీ ఇదీ ఒకటే సంగతి. గొంతుల్ని ఊళ్లు తిప్పుతున్నావు, ఇప్పుడు పాటని కూడా తిప్పుతానంటున్నావు. రెండింటికీ ఖర్చుంది. డీజిలు ఎంత, భోజనాలెంత అని రాసుకున్నావు కదా, ఆ పుస్తకంలో ఈ ఖర్చు ఎక్కడా లేదు.

అబ్బాయి: ఖర్చు లేకుండా ఏదొచ్చింది పిన్నీ? అమెరికాలో నల్లవాళ్ల బడి, ఫిస్క్ వాళ్లనే చూడు. 1866 జనవరిలో నాష్‌విల్‌లో, అంతర్యుద్ధం అయ్యాక ఖాళీగా పడున్న సైనికాసుపత్రి షెడ్లలో ఆ బడి మొదలైంది. నిన్నటిదాకా బానిసలుగా ఉన్నవాళ్లు, ఏడేళ్ల పిల్లల నుంచి డెబ్బై ఏళ్ల ముసలివాళ్ల దాకా అక్షరాల కోసం వచ్చారు. అయిదేళ్లు తిరిగేసరికి షెడ్లు కుళ్లిపోయాయి, అప్పు మీద పడింది, మూసేసే రోజు దగ్గరికొచ్చింది. అప్పుడు బడి కోశాధికారి జార్జ్ వైట్, పాటలు నేర్పింది కూడా ఆయనే, పిల్లల్ని తీసుకెళ్లి పాడించి డబ్బు తెస్తానన్నాడు. 1871 అక్టోబరు 6న తొమ్మిదిమంది గాయకులతో బయల్దేరాడు. వాళ్లు కూడా నీలాగే ఇంట్లో కూర్చుని పాడుకుందాం అనుంటే ఆ బడి మిగిలేదా?

పిన్ని: ఆ తొమ్మిదిమందిలో ఎక్కువమంది బానిసలుగా పుట్టినవాళ్లని కూడా చెప్పు. మిన్నీ టేట్‌కి పధ్నాలుగేళ్లు. ఒంటి మీద సరైన చలికోటు లేదు. ఒక చోట పాడితే యాభై డాలర్లు కూడా రాలేదు. సరిగ్గా అప్పుడే షికాగో తగలబడింది. చేతిలో ఉన్న ఆ కాస్తా అక్కడి బాధితులకి ఇచ్చేసి ముందుకెళ్లారు. అంత మంచి పిల్లలు వాళ్లు. ఇంతకీ మొదట్లో వాళ్లు పాడిందేమిటి?

అబ్బాయి: తెల్లవాళ్ల పాటలు. ఆ రోజుల్లో పెద్దింటి వాళ్లు పియానో దగ్గర పాడుకునేవి.

పిన్ని: ఎందుకని? వాళ్ల పాటలు వాళ్లకి రాకనా?

అబ్బాయి: వచ్చు. జనం ముందు పాడటానికి ఇష్టపడలేదు.

పిన్ని: ఎందుకు ఇష్టపడలేదో ఎల్లా షెపర్డ్ రాసిపెట్టింది కదా. అవి బానిసత్వానికి సంబంధించినవి, మరిచిపోవాల్సిన రోజులవి అనుకున్నామంది. పైగా అవి తల్లిదండ్రులు దేవుణ్ణి పిలుచుకున్న పాటలు, వాళ్లకి పవిత్రమైనవంది. ఆమె ఎవరనుకున్నావు? పియానో వాయించి, అందరి చేతా ప్రాక్టీసు చేయించి, వైట్‌తో సమానంగా బరువు మోసింది. అప్పటికి ఇరవై ఏళ్లు. తండ్రి 350 డాలర్లు కట్టి ఆమెని విడిపించుకున్నాడు. తల్లిని మాత్రం విడిపించుకోలేకపోయాడు. ఆ తల్లి ఒకప్పుడు ఈ బిడ్డని ఎత్తుకుని నదిలో దూకబోతే ఒక ముసలామె అడ్డుపడిందట. అట్లాంటి తల్లుల నోట పుట్టిన పాటని, టిక్కెట్టు కొనుక్కుని వచ్చినవాళ్ల ముందు పెట్టమంటే ఏ బిడ్డకి మనసొప్పుతుంది? నాకూ ఒప్పట్లేదు. అంతే.

అబ్బాయి: చివరికి వాళ్లు ఒప్పుకున్నారు కదా! ఓబర్లిన్‌లో, అదే ఏడాది నవంబరులో, పాస్టర్ల పెద్ద సభ జరుగుతోంది. వీళ్లు తమ పాట ‘స్టీల్ అవే’ అందుకున్నారు. అదెట్లా అందుకున్నారో నీకు తెలుసు. పాట మొదలైన క్షణం ఏదో తెలీనంత మెల్లగా. వైట్ వాళ్ల చేత సాధన చేయించింది అదే. గట్టిగా పాడి జనాన్ని లొంగదీసుకోవడం కాదు, జనమే ముందుకు వంగి వినేట్టు చెయ్యడం. మాట్లాడుకుంటున్న సభ ఆగిపోయింది. ఆ రోజు నుంచి వాళ్ల కార్యక్రమం మారింది. పియానో పాటలు వెనక్కెళ్లాయి, అమ్మానాన్నల పాటలు ముందుకొచ్చాయి. కొలంబస్‌లో వైట్ రాత్రంతా ప్రార్థన చేసి వాళ్లకి జూబిలీ సింగర్స్ అని పేరు పెట్టాడు. లేవీయకాండంలో బానిసలు విడుదలయ్యే సునాద సంవత్సరం ఉంది చూడు, అది. అప్పటిదాకా వాళ్లని ఎవరూ పట్టించుకోలేదు. తమ పాట పాడాకే లోకం విన్నది. నేనడిగేదీ అదే. మనం ఇన్నేళ్లుగా ఇంగ్లీషు రాగాలకి తెలుగు మాటలు పెట్టుకుని నాలుగు గొంతుల్లో పాడుతున్నాం. అది మన పియానో పాట. అమ్మమ్మ పాట ఎప్పుడు పాడతాం?

ఒంగోలులో టిఫిను కోసం ఆగాం. ఇడ్లీలు తిన్నంతసేపూ ఇద్దరూ పాట ఊసెత్తలేదు. పిన్ని ప్రతి టేబులు దగ్గరికీ వెళ్లి పచ్చిమిరపకాయ చట్నీ జోలికి పోవద్దని పిల్లలకి చెప్పొచ్చారు. బస్సు మళ్లీ కదిలాక ఆవిడే మొదలుపెట్టారు.

పిన్ని: ఓబర్లిన్ చెప్పావు. అంతకు ముందూ తర్వాతా ఆ పిల్లల రోజు ఎట్లా గడిచేదో చెప్పలేదు. పొద్దున్న రైలు. దిగాక పడక వెతుక్కోవడం మొదటి పని. పిల్లల్ని స్టేషన్లో కూర్చోబెట్టి వైట్ వానలో హోటలు తర్వాత హోటలు తిరిగి అడిగేవాడు. నల్లవాళ్లకి గది లేదు అనేవాళ్లు. ఒహాయోలో ఒక చోట ఆడపిల్లలందర్నీ కలిపి షెడ్డు మీద ఒక్క గదిలో పడేశారు. న్యూజెర్సీలో ఇంకో హోటలాయన గది ఇచ్చి, తర్వాత బయటికి పంపేశాడు. ఎందుకో తెలుసా? మొహానికి మసి పూసుకుని నల్లవాళ్లని వెక్కిరించే తెల్లవాళ్ల నాటకాల జట్టు అనుకున్నాడట. మసి కాదు, నిజంగానే నల్లవాళ్లని తెలిసేసరికి ఉండనివ్వలేదు. నల్లవాళ్లని వెక్కిరించేవాడికి పడక ఉంది, నల్లవాడికి లేదు. ఆ రాత్రి వాళ్లు అదే గొంతుతో పాడాలి కదరా. అవమానం మింగిన గొంతుతో.

అబ్బాయి: పాడారు కదా.

పిన్ని: పాడారు. దాన్ని నువ్వు గొప్పగా చెప్పుకుంటావు. నాకు మాత్రం వాళ్లని ఆ స్థితిలో నిలబెట్టినవాళ్ల మీద కోపం వస్తుంది. నెల్లూరులో మనవాళ్ల ఇళ్లలో మనకి పడకలున్నాయి, అన్నం పెడతారు. మా నాన్నకి ఇదే దారిలో టీ కొట్టులో వేరే గ్లాసు. తాగి, ఆయనే కడిగి, చూరుకి దోపి రావాలి. పల్లె నుంచి ఊళ్లోకి వెళ్లాలంటే చెప్పులు చేత్తో పట్టుకోవాలి. మా అమ్మ పాట ఆ రోజుల్లోది.

అబ్బాయి: ఒక్క మాట చెప్తాను, కోపం తెచ్చుకోకు. తాతయ్యకి వేరే గ్లాసు ఇచ్చినవాళ్లు అమ్మమ్మ పాట ఒక్కసారి కూడా వినకుండానే పోయారు. వాళ్ల పిల్లలూ వినలేదు, మనవలూ వినలేదు. ఎక్కడ వింటారు? పాట పల్లెలోనే ఉండిపోయింది. ఊళ్లోకి అది ఎప్పుడూ రాలేదు. రోడ్డెక్కకుండా ఎట్లా వస్తుంది?

(ఈ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. అప్పటిదాకా నేను పిన్ని వైపే ఉన్నాను, ఇప్పటికీ చాలామటుకు ఉన్నాను. కానీ ఈ మాట అబద్ధమని అనలేను. ఆవిడా అనలేదు, కిటికీలోంచి చూస్తూ చాలాసేపు ఊరుకున్నారు.)

పిన్ని: విన్నంత మాత్రాన గ్లాసు మారుతుందా? ఆ పిల్లలకి రాత్రి చప్పట్లు కొట్టిన ఊళ్లోనే పొద్దున్న హోటల్లో గది దొరకలేదు. పాట వేరు, పాడినవాళ్లు వేరు అనుకోవడం జనానికి చాలా తేలిక.

అబ్బాయి: అందరూ అట్లా అనుకోలేదు. బ్రూక్లిన్‌లో పాస్టరు బీచర్ తన చర్చిలో పాడించాడు. 1872లో ప్రెసిడెంటు గ్రాంట్ వైట్‌హౌసులో విన్నాడు. 1873లో విక్టోరియా రాణి విన్నది. మొదటి ప్రయాణంలో తెచ్చిన 20,000 డాలర్లతో బడికి స్థలం వచ్చింది. 1876 జనవరి 1న జూబిలీ హాలు తెరిచారు, పక్కా భవనం, పాటలతో వచ్చిన డబ్బు. పదేళ్లకి డుబోయిస్ అంతటివాడు ఆ బడిలోనే చదువుకున్నాడు. ఆ హాలు ఇప్పటికీ ఉంది పిన్నీ. మనకి కావాల్సింది ఒక పైకప్పేగా.

పిన్ని: హాలు ఉంది, బెంజమిన్ హోమ్స్ లేడు. అతని సంగతి చదివావా? చార్లెస్టన్‌లో దర్జీ దగ్గర పని నేర్చుకుంటూ, వీధిలో బోర్డులు చూసి అక్షరాలు నేర్చుకున్నాడు. అమ్మకానికి పెట్టిన బానిసల జైల్లో ఉండగా లింకన్ విడుదల ప్రకటన కాగితం చేతికొస్తే, తోటివాళ్లందరికీ అతనే పైకి చదివి వినిపించాడు. ఆ గొంతుని రైళ్లలో, చలిలో తిప్పారు. క్షయ వచ్చి చిన్న వయసులోనే పోయాడు. క్షయ రోడ్డు వల్లే వచ్చిందని నేననను. విశ్రాంతి లేకపోవడం వల్ల ముదరలేదని నువ్వనగలవా? మొదటి ప్రయాణం బాగా నడిచిందని రెండోది పెట్టారు, ఆ తర్వాత ఇంగ్లండు, మళ్లీ ఇంగ్లండు, హాలెండు, జర్మనీ. ఏడేళ్లు. ఎల్లా ఎన్నిసార్లు జబ్బుపడిందో లెక్కలేదు. 1878లో జర్మనీలో ఉండగానే బృందం చెదిరిపోయింది. వైట్ కూడా ఒంట్లో ఓపిక అయిపోయి తప్పుకున్నాడు. బడి బాగుపడింది. బడిని నిలబెట్టినవాళ్లలో చాలామంది ఆ బడిలో చదువు పూర్తి చెయ్యలేకపోయారు. చదువుకోవడానికి వచ్చి, పాడుతూ పాడుతూ ఆ చదువు వదిలేశారు. ఈ బస్సులో ఇంటరు పిల్లలెంతమంది ఉన్నారో చూశావా?

అబ్బాయి: మనది వారమే. ఏడేళ్లు కాదు.

పిన్ని: వాళ్లూ ఏడేళ్లని అనుకుని బయల్దేరలేదు.

మధ్యాహ్నం కావలి దగ్గర భోజనాలు. ఎండ దిగాక మళ్లీ బయల్దేరాం. రోడ్డుకి రెండు వైపులా నారుమళ్లు, అక్కడక్కడ దమ్ము చేస్తున్న ట్రాక్టర్లు. అబ్బాయి అవి చూసే అడిగినట్టున్నాడు.

అబ్బాయి: ఈ పొలాల్లో ఇవాళ ఎవరైనా పాడుతున్నారా? ఒక చోట మిషనుతో నాటుతున్నారు, ఇంకో చోట వెదజల్లుతున్నారు. చేత్తో నాటేవాళ్లు కూడా ఫోనులో సినిమా పాటలు పెట్టుకుంటున్నారు. ఆ పాట నీ దగ్గర తప్ప లేదు. నీ తర్వాత లేదు. ఫిస్క్ పాటలు 1872లో పుస్తకంగా అచ్చయ్యాయి. 1909లో ఫిస్క్ వాళ్ల గొంతులే రికార్డుల్లోకి ఎక్కాయి. అందుకే గుంటూరులో కూర్చున్న నేను వాటిని నేర్చుకోగలిగాను. అమ్మమ్మ పాట నేను ఎక్కణ్ణించి నేర్చుకోవాలి?

పిన్ని: పుస్తకంలోకి ఎక్కింది పాటంతా కాదు. రెండు స్వరాల మధ్య ఉండే చోటుకి ఆ గీతల మీద జాగా లేదు. వాళ్ల అమ్మలు గుండ్రంగా తిరుగుతూ, కాళ్లు నేలకేసి కొడుతూ పాడినవి కొన్ని. స్టేజి మీదికొచ్చేసరికి కదలకుండా నిలబడి పాడారు. అట్లా నిలబడకపోతే జనం వాళ్లని మసి పూసుకున్న నాటకాల జట్టు కింద జమకట్టేవాళ్లు, నిజమే. వాళ్లకి వేరే దారి లేదు. కానీ మన పాట సంగతి చూడు. నాటేటప్పుడు ఎట్లా నడుస్తారు?

అబ్బాయి: వెనక్కి.

పిన్ని: వెనక్కి. వంగి, ఎడం చేతిలో నారు, కుడిచేత్తో నాటుతూ, ఒక్కో అడుగు వెనక్కి. ముందు ఒకామె అందుకుంటుంది, వరసంతా అందుకుని తిరిగిస్తుంది. ఆ తిరిగిచ్చే మాటకే అడుగు పడుతుంది. నడుము నొప్పి ఎక్కువయ్యే కొద్దీ పాట నెమ్మదిస్తుంది, మేస్త్రీ గట్టు మీదికొస్తే వేగం పెరుగుతుంది. కొన్నిచోట్ల మా అమ్మ ఆ మేస్త్రీ పేరు కూడా కలిపి పాడేది, వాడికి అర్థం కాకుండా. అది పాట. నువ్వు దాన్ని నాలుగు నాలుగు మాత్రలుగా కొట్టి, సొప్రానోకి రాగం ఇచ్చి, బాసుకి ‘ఊ ఊ’ ఇచ్చావు. నిటారుగా నిలబడి, ఫైలు చేత్తో పట్టుకుని పాడిస్తావు. అందులో మా అమ్మ లేదు.

అబ్బాయి: అంత దూరం పోకు. చిత్తూరులో పుట్టిన ఎం.బి. శ్రీనివాసన్ మద్రాస్ యూత్ క్వయర్ పెట్టి మన భాషల పాటల్ని ఎన్ని గొంతులకి కూర్చాడు! మన రాగం పక్కన ఇంకో గొంతు నిలబడగలదని చేసి చూపించాడు. కాలేజీ పిల్లలకి నేర్పాడు, ఎన్నో ఊళ్లు తిరిగాడు.

పిన్ని: ఆయన మీద నాకు గౌరవం ఉంది. ఆయన కన్నుమూసింది కూడా ఇంటి దగ్గర కాదు, 1988లో లక్షద్వీప్‌లో. నా గొడవ గొంతులతో కాదు నాన్నా, అడిగే పద్ధతితో. మా అమ్మకి చదువు రాదు. చర్చిలో క్వయర్లో చేరతానంటే కీర్తనల పుస్తకం చదవలేవు, వద్దన్నారు. పురుషోత్తమ చౌదరి గారి కీర్తనలు వినికిడి మీదే ఎన్ని వచ్చో ఆమెకి! ఒక క్రిస్మసు రాత్రి నాట్ల పాట రాగంలో యేసు పుట్టుక కట్టి పాడింది. పెద్దలు పిలిచి, కూలిపాటలు దేవుడి గుళ్లోకి తేకూడదని చెప్పారు. ఆ తర్వాత ఆమె చర్చిలో గొంతెత్తలేదు. చివరి వరసలో కూర్చుని పెదాలు కదిపేది. ఆ చర్చికి ఇప్పుడు కానుకలు కావాలి. ఇప్పుడు ఆ పాట కావాలి. ఎవరైనా ఒక్కరు వచ్చి, ఆ రోజు అట్లా అని ఉండకూడదు అన్నారా?

అబ్బాయికి ఈ సంగతి తెలీదు. అతని మొహం చూస్తే తెలిసింది. తల్లి కూడా చెప్పలేదట.

అబ్బాయి: నాకు ఎవరూ చెప్పలేదు పిన్నీ.

పిన్ని: చెప్పే సంగతి కాదు అది.

అబ్బాయి: అయితే ఇంకా పాడాలి. హాస్టల్లో ఉన్నది ఎవరు? అట్లాంటి పల్లెల పిల్లలే. నాటు పని చేసే అమ్మలు ఫోన్ చేస్తే, పక్కన వినపడకుండా బయటికెళ్లి మాట్లాడే పిల్లలు. ఆ పాటని స్టేజి మీద, నెల్లూరు పెద్ద చర్చిలో, వాళ్లు నిలబడి పాడితే వాళ్లకేమవుతుందో ఆలోచించు. కానుకల సంగతి వదిలెయ్.

పిన్ని: వదిలేశావా? నిజంగా? ఆ పాట తర్వాత కానుక సంచులు తిప్పమని కాగితంలో రాసుకున్నది నువ్వే.

అబ్బాయి: అప్పుడు జనం మనసు కరుగుతుందని.

పిన్ని: అదే నేను వద్దన్నది. మా అమ్మ నడుము నొప్పి చూపించి సంచి తిప్పడం.

ఇక్కడ అబ్బాయి ఫిస్క్ కథలో చివరి ముక్క తీశాడు. నాకు అది ముఖ్యమనిపించింది, ఎందుకంటే పిన్ని దాన్ని తనవైపు తిప్పుకున్నారు. బృందం చెదిరాక అందులోని బాస్ గాయకుడు ఫ్రెడరిక్ లూడిన్ తన సొంత జట్టు కట్టి, 1884లో బయల్దేరి ఆరేళ్లు లోకమంతా తిరిగాడు. ఆస్ట్రేలియా, న్యూజిలాండు, మన దేశం, జపాను. ఆగ్రాలో తాజ్‌మహల్ గుమ్మటం కింద పాడారు.

అబ్బాయి: ఆ గుమ్మటం కింద ఒక్క స్వరం ఎంతసేపు నిలుస్తుందో నీకు తెలుసు. అక్కడ బానిసల పాట మోగింది పిన్నీ. రోడ్డెక్కకపోతే మోగేదా?

పిన్ని: బాగుంది. కానీ లూడిన్ తిరుగుడికీ ముందుదానికీ తేడా చూడు. ముందు ప్రయాణాలు బడివాళ్లు నడిపారు, తెల్ల పెద్దలు ఎక్కడ పాడాలో, ఎన్నిసార్లు పాడాలో చెప్పారు. లూడిన్ జట్టు అతనిదే. ఎక్కడికెళ్లాలో అతను చెప్పాడు, రాబడి పాడినవాళ్లకి వచ్చింది. పాట ఎవరిదో, బండి కూడా వాళ్లదే. అట్లా తిరిగితే నాకేం అభ్యంతరం లేదు. ఇంకోటి. ఓబర్లిన్ కంటే ముందు ఏమైందో నువ్వెప్పుడూ చెప్పవు. ఆ పాటలు వైట్ వాళ్లకి నేర్పలేదు. కుర్చీలు చాలక నేల మీద కూర్చుని, మెల్లగా, ఒకరి అమ్మ పాట ఇంకొకరికి నేర్పుకున్నారు. ఎప్పటికైనా జనం ముందు పాడతామని కలలో కూడా అనుకోలేదని ఎల్లా రాసింది. ముందు అది జరిగింది. తమలో తాము పాడుకుని, అవి సిగ్గుపడాల్సినవి కావని తేల్చుకున్నాకే స్టేజి. నువ్వు నేల మీద కూర్చోకుండానే స్టేజి ఎక్కిస్తానంటున్నావు.

అబ్బాయి: నువ్వు కూర్చోబెడితే కూర్చుంటాం.

పిన్ని: ఎవరెవరు?

అబ్బాయి: వాళ్లిష్టం. బలవంతం లేదు.

పిన్ని: ఫైళ్లు లేకుండా?

అబ్బాయి: లేకుండా.

నెల్లూరు చేరేసరికి నాలుగున్నర. కొత్తగా టైల్సు వేసిన ఎత్తు చర్చి, మాట మాటకీ ప్రతిధ్వని. సౌండువాళ్లు ఎకో ఇంకా పెంచుతామన్నారు, అబ్బాయి ఉన్నదే ఎక్కువన్నాడు. బాసులు వెనక గోడకి దగ్గరగా నిలబడితే మాటలు ముద్దయిపోతున్నాయని రెండడుగులు ముందుకు తెచ్చాడు. కీబోర్డు ఆపించి ఒక పాట పాడించి చూస్తే, చివరికొచ్చేసరికి శృతి కొంచెం కిందికి జారింది. ప్రయాణం చేసిన గొంతులు అట్లాగే జారతాయి. పిన్ని ఏమీ అనలేదు, అతని వైపు చూశారంతే. అతనే వచ్చాడు.

అబ్బాయి: విన్నాను. ఇవాళ రెండు పాటలు తగ్గిస్తాను.

పిన్ని: రేపు కావలిలో రెండు కార్యక్రమాలున్నాయి. మధ్యాహ్నంది తీసెయ్.

అబ్బాయి: పదిహేను రోజుల ముందు మాటిచ్చాను పిన్నీ. పందిరి వేశారు. అక్కడ వచ్చే కానుక తక్కువేం కాదు.

పిన్ని: మాటిచ్చింది నువ్వు. పాడాల్సింది వాళ్లు. వాళ్లని అడిగావా?

అబ్బాయి: అడగలేదు. ఇప్పుడు అడుగుతాను. పాడతామంటే?

పిన్ని: అడిగేటప్పుడు నువ్వు అక్కడ ఉండకు. లీడరు ముందు ఏ పిల్లా కాదనదు. నేను అడుగుతాను.

అబ్బాయి: సరే. మరి అమ్మమ్మ పాట?

పిన్ని: ఈ వారం కాదు. జనవరిలో, హాస్టల్లో, శనివారాలు. నేను ముందు అందుకుంటా, వాళ్లు తిరిగివ్వాలి. ఒక్కో అడుగు వెనక్కి వేస్తూ. నాటడం తెలిసిన పిల్లలుంటే వాళ్లని ముందు నిలబెట్టు. నీ నాలుగు గొంతులు తర్వాత చూద్దాం, పాట వచ్చాక. జనం ముందు పాడాలో వద్దో ఆ పిల్లలే చెప్తారు.

అబ్బాయి: పాడతామంటే మన చర్చిలోనే మొదటిసారి పాడిస్తాను. ఆదివారం ఆరాధనలో. చివరి వరసలో కాదు.

పిన్ని: సంచి తిప్పే ముందు.

అబ్బాయి: సంచి తిప్పే ముందు. పెద్దలకి అమ్మమ్మ సంగతి నేను చెప్తాను.

పిన్ని: నువ్వు చెప్పొద్దు. అది నేను చెప్పాలి. నువ్వు ఆదివారం కార్యక్రమంలో నాకు అయిదు నిమిషాలు రాసిపెట్టు, మైకు లేకుండా.